బాలమల్లు బండికి పికప్

అలియాబాద్, శామీర్‌పేట మండలం
ఉగాది వెళ్లిన వారం

తమ్ముడు జనార్ధన్‌కు అక్క యాదవ్వ రాయునది.

నీతో నోరిప్పి మాట్లాడనని ఎల్లమ్మ మీద ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు అలాగే ఉంది, సంబరపడకు. రాయనని మాత్రం పెట్టుకోలేదు. రాత్రి బడిలో సారు నేర్పిన నాలుగు అక్షరాలు ఇన్నాళ్లకు పనికొచ్చాయి. ఎల్లమ్మ తల్లికి చదువు రాదు కాబట్టి ఆమెకూ అభ్యంతరం ఉండదు.

బాపు పోయాక చేసిన దినాల విందులో మూలుగ ఉండే నల్లిబొక్క మీ బావ విస్తరిలో పడలేదు. నీ భార్య శోభారాణి గరిటె తిప్పి దాన్ని తన అన్నకు వేసింది. ఇంటి అల్లుడికి బొక్కలేని మెత్తటి ముక్కలు. అలిగింది ఆయన, ఒట్టు పెట్టుకున్నది నేను. రెండేళ్లు గడిచాక ఇప్పుడు ఆయనే "నా బామ్మర్ది అసొంటి మిస్త్రీ మేడ్చల్‌ల ఇంకెవ్వడు లేడు" అంటూ నీ షెడ్డుకు బయలుదేరుతున్నాడు. మరి నా ఒట్టు సంగతేమిటని అడిగితే, "నీ ఒట్టు నువ్వు పట్టుకో, నాకు బండి పనున్నది" అన్నాడు. మొగుడి కోసం ఒట్టు పెట్టుకునే ఆడదానికి బుద్ధి లేదని ఊరందరికీ చెబుతున్నాను.

అసలు సంగతి విను. మా టిప్పర్‌కు పికప్ పోయింది. క్వారీ గుంతలో కంకర నింపుకొని పైకి వచ్చే ఎత్తు దారిలో సగానికి వచ్చి మూలుగుతుందట. వెనక బండ్లవాళ్లు కిందికి దిగి మీ బావ పుట్టుక గురించి మాట్లాడుతున్నారట. క్వారీ ఓనర్ ప్రతాప్‌రెడ్డి నీకు తెలుసు కదా, మొన్న సర్పంచ్‌గా నిలబడి ఓడిపోయిన మనిషి. ఊరి మీద కోపం మా బండి మీద తీర్చుకుంటున్నాడు. "మల్లన్నా, బోనాల దాక సూస్త. అప్పటికి గూడ నీ బండి ఎత్తు ఎక్కకపోతే ఇగ ఇంట్లనే పెట్టుకో" అన్నాడు.

ఇంట్లో పెట్టుకోవలసింది బండిని మాత్రమే అయితే నాకు బాధ లేదు. మనిషిని కూడా పెట్టుకోవాలి. ఇరవై ఏళ్ల వయసు నుంచి స్టీరింగ్ పట్టుకున్న మనిషి. అది చేతిలో లేకపోతే ఆయన ఏమైపోతాడోనని నాకు లోపల గుబులుగా ఉంది. ఈ మాట ఆయనకు చెప్పకు, నెత్తికెక్కుతుంది.

ఇంజన్ దించి కొత్తగా చేసేటప్పుడు దానికి ఇంకొన్ని గుర్రాలు, అదే హార్స్‌పవర్, కలపాలని ఆయన కోరిక. పక్క బండ్లు రెండు వందల యాభై గుర్రాలవట, మాది నూట ముప్పై. గుర్రాలు ఎక్కడ దొరుకుతాయో నీకే తెలియాలి.

ఉత్తరం ఆయన చేతికే ఇచ్చి పంపుతున్నాను, అన్నం మెతుకులతో అంటించాను. ఇంకొకరి ఉత్తరం విప్పడం మగవాడి లక్షణం కాదంటాడు. తన బద్ధకానికి ఆయన పెట్టుకున్న పేరు అది. జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వు.

నీ అక్క,
యాదవ్వ

*

మేడ్చల్, హైవే పక్క షెడ్డు
ఏప్రిల్ చివర

అక్కకు జనార్ధన్ నమస్కారాలు.

నీ ఉత్తరం శోభారాణికి చదివి వినిపించాను. నల్లిబొక్క గురించి ఆమె వాదన వేరే ఉంది. ఆ రోజు బావే ఆమెను పక్కకు పిలిచి, "చెల్లె, నాకు పండ్లు నొస్తున్నయి, మెత్తటియి వెయ్యి, ఎవ్వలకు చెప్పకు" అన్నాడట. చెప్పొద్దన్నాడు కాబట్టి రెండేళ్లు చెప్పలేదట. ఇప్పుడు నువ్వు తిడితే చెప్పింది. ఇక ఎల్లమ్మకు ఏం జవాబు చెప్పుకుంటావో నీ ఇష్టం.

బావ వచ్చాడు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూడకుండా బండి చుట్టూ తిరిగాం. చాయ్ వచ్చాక "చక్కెర తక్కువైంది" అన్నాడు. "అవ్ బావా, తక్కువైంది" అన్నాను. అంతటితో సంధి కుదిరింది.

మామూలుగా ఏ బండి వచ్చినా ముందు నేను లోడు మీద నడిపి చూస్తాను. పికప్ లేదని వచ్చేవాళ్లలో సగం మందికి డీజిల్ ఫిల్టర్ మారిస్తే పని అయిపోతుంది. బండి తాళం అడిగాను. "అంటే నేను అబద్ధం జెప్తున్ననా, బామ్మర్ది?" అన్నాడు. మళ్లీ అలిగితే ఈసారి ఎన్నేళ్లు పడుతుందోనని నోరు మూసుకొని ఇంజన్ దించాను.

గుర్రాలు బజారులో దొరకవక్కా. ఇంజన్‌కు గాలి ఎక్కువ పోయాలి, ఆ గాలికి తగినంత డీజిల్ పోయాలి. గాలి తక్కువై డీజిల్ ఎక్కువైతే వెనక బండివాడి మొహం నల్లబడుతుంది తప్ప మన బండి ముందుకు పోదు. అందుకని గాలిని లోపలికి నెట్టే పాత టర్బో తీసి పెద్దది వేస్తున్నాను. డీజిల్ పంపును జీడిమెట్లలో నాకు తెలిసిన దుకాణానికి పంపాను, వాళ్లు మిషన్ మీద పెట్టి ఒక్కో నాజిల్‌కు ఎంత పోతోందో చూసి పెంచుతారు. లైనర్లు, పిస్టన్లు, రింగులు అన్నీ కొత్తవి. వేడి పెరుగుతుంది కనుక రేడియేటర్ పెద్దది కావాలి. లాగుడు పెరుగుతుంది కనుక క్లచ్ గట్టిది కావాలి. పెళ్లికి ఒకరిని పిలిస్తే చుట్టుపక్కల నలుగురూ మమ్మల్నెందుకు పిలవలేదని అడిగినట్టే, ఒకటి పెంచితే మిగతావన్నీ అడుగుతాయి. అన్నీ కుదిరితే నూట డెబ్బై గుర్రాల దాకా పోతుంది.

ఇంజన్ విప్పి లోపల చూశాను. ఆ సంగతి ఇంకోసారి రాస్తాను. నీ జొన్నరొట్టెలు బాగున్నాయి, బావ తన వాటా కూడా నాకే ఇస్తున్నాడు.

నీ తమ్ముడు,
జనార్ధన్

*

అలియాబాద్
మే నెల, ఎండలు మండుతున్న రోజులు

జనార్ధన్,

"లోపల చూశాను" అని రాసి ఊరుకున్నావు. డాక్టర్లు అలా అంటేనే మనుషులు సగం చస్తారు. ఏం చూశావో రాయి.

శోభారాణి మాట నేను నమ్మలేదు. నమ్మలేదు కానీ మీ బావను అడిగాను. "ఎప్పటి బొక్క, ఎప్పటి ముచ్చట" అని పశువుల కొట్టంలోకి వెళ్లిపోయాడు. అంటే నిజమే, నొప్పి కప్పిపుచ్చడానికే ఆ అలక. రెండేళ్లు నేను మోసిన కోపం ఆయన పంటి నొప్పి అన్నమాట. అయినా ఒట్టు ఒట్టే, దాన్ని దించుకోవాలంటే ఎల్లమ్మకు కోడిని కొయ్యాలి. ఆ కోడి నువ్వు కొను.

పంపు జీడిమెట్లలో ఉందని నువ్వు ఆయనకు వారం సెలవిచ్చి ఇంటికి పంపావు. ఆ వారం నేనెలా బతికానో నన్నడుగు. మొదటి రోజు ఇంట్లో తలుపులన్నింటికీ నూనె పోశాడు. రెండో రోజు గ్రైండర్ చప్పుడు చేస్తోందని విప్పి గ్రీజు పెట్టాడు. గారెలు కాల్చాను, ఒక్కొక్కటి మీ షెడ్డు వాసన. పక్కింటి దుర్గాబాయికి రెండు పంపితే, "జవహర్‌నగర్ చెత్త కుప్పల గాలి ఇటు తిరిగిందా యాదవ్వా" అని అడిగింది. బర్రె కొట్టంలోకి వస్తుంటే వెనక నిలబడి "రానియ్, రానియ్, ఎడమకు కొయ్యి" అని దానికి దారి చెబుతున్నాడు. బర్రె పాలు తగ్గించింది.

ఇంకొకటి. దొర అయ్యాడు మీ బావ. కింద కూర్చొని తినడట, కుర్చీ కావాలట. తాతల నాటి నుంచి పీట మీద కూర్చొని తిన్న ఇంట్లో ఈయనకు ప్లాస్టిక్ కుర్చీ, ముందర ఇంకో కుర్చీ మీద కంచం. "ఎమ్మెల్యేకు పప్పు వడ్డించనా" అని అడుగుతున్నాను. కుర్చీలోంచి లేచేటప్పుడు కూడా రెండు చేతులూ ఊని మెల్లగా, సభకు నమస్కారం పెట్టబోయేవాడిలా లేస్తాడు.

బోనాలు దగ్గరపడుతున్నాయి. జల్దీ చెయ్యి.

యాదవ్వ

*

మేడ్చల్
జూన్, మొదటి వాన పడ్డాక

అక్కా,

బండి సిద్ధం. పంపు వచ్చింది, బిగించాను. మొదటిసారి సెల్ఫ్ కొట్టగానే పట్టుకుంది. టర్బో సన్నగా ఈల వేస్తుంటే బావ బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు, చంటిపిల్ల జ్వరం చూసినట్టు. నేను పక్కకు తిరిగి నవ్వుకున్నాను.

నువ్వడిగినదానికి జవాబు: లోపల అంతా బాగానే ఉంది. పాత ఇంజన్ కదా, ఎంత బాగుండాలో అంత.

కోడి కొన్నాను. శోభారాణి మేపుతోంది. ఇక అది ఎల్లమ్మ దాకా వస్తుందో లేదో నేను చెప్పలేను, మా ఇంట్లో ఆదివారాలు వస్తూనే ఉంటాయి.

జనార్ధన్

*

అలియాబాద్
జూన్ నడిమధ్య

జనార్ధన్,

నిన్న నేను నీకు ఫోన్ చేసి అరిచినదాన్ని మాట్లాడటం అనుకోకు. అది తిట్టడం, దానికి ఒట్టు లేదు. నువ్వు హలో అంటున్నా వినకుండా పెట్టేశాను, గమనించావు కదా.

నా గుర్రాలు ఏవిరా? రెండు నెలలు బండిని విప్పి పరిచావు. పెద్ద టర్బో అన్నావు, జీడిమెట్ల అన్నావు. నిన్న లోడు నింపుకొని బయలుదేరితే మళ్లీ అదే చోట, అదే సగం దారిలో, అదే మూలుగు. ఇప్పుడు మూలుగుతో పాటు ఈల కూడా. వెనకవాళ్లు కిందికి దిగలేదట, అలవాటైపోయి కాబిన్లలోనే కునుకు తీశారట. ప్రతాప్‌రెడ్డి మనుషులందరి ముందర, "మల్లన్నా, గుర్రాలు పెట్టించినవా, గాడిదలు పెట్టించినవా" అన్నాడు. మీ బావ నవ్వాడట. ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఆయన అన్నం మానేయడం మా పెళ్లయ్యాక నేను చూడలేదు, నా వంట తిని కూడా.

"మీ తమ్ముడు మంచిగనే చేసిండు, బండికే ఏదో గాచారం పట్టింది" అన్నాడు. నిన్ను వెనకేసుకొస్తున్నాడు. నాకు అదే అనుమానం. ఈయన ఎవరినీ వెనకేసుకొచ్చే రకం కాదు.

ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయి. బాగానే ఉంది, బాగానే ఉంది అని తప్పించుకోకు.

యాదవ్వ

*

మేడ్చల్
ఆ మరుసటి వారం

అక్కా,

ఉన్నదున్నట్టు రాస్తున్నాను, కూర్చొని చదువు. మెతుకులు కాదు, ఈ ఉత్తరానికి గ్యాస్కెట్లు అతికించే బంక వేశాను.

నీ ఫోన్ తరువాత నేనే క్వారీకి వెళ్లాను. బావను పక్కన కూర్చోబెట్టుకొని నిండు లోడుతో ఆ ఎత్తు నేను ఎక్కించాను. బండి రెండో గేరులో కొండముచ్చులా ఎక్కింది. పైన లోడు తూచే కాంటా దగ్గరివాళ్లు బయటకు వచ్చి చూశారు. బండిని మళ్లీ లోడుతోనే కిందికి దింపాను. "ఇప్పుడు నువ్వు నడుపు" అని బావకు స్టీరింగ్ ఇచ్చి నేను పక్క సీటులోకి జరిగాను. సగం దారిలో ఆగినంత పని అయింది.

నేను రోడ్డు చూడలేదు, ఆయన కాలు చూశాను. యాక్సిలరేటర్ సగం దాకా తొక్కుతాడు. అక్కడి నుంచి కాలు వణుకుతుంది. ఇంకా చాచబోతే మోకాలు పట్టేస్తుంది, పెదవి కొరుక్కొని కాలు వెనక్కి తీస్తాడు. ఆ పెడల్ రబ్బరు చూశాను. ఎత్తుల మీద నడిచే బండిలో అది అరిగి నున్నగా ఉండాలి. పై భాగంలో గీతలు కొత్తదానిలా ఉన్నాయి. అక్కడ కాలు పడక ఎన్నాళ్లయిందో.

ఆడలేక మద్దెల ఓడన్నాడు మీ ఆయన. మద్దెల పట్టుకొచ్చి నాకిచ్చాడు, నేను దాన్ని విప్పి, తోలు మార్చి, ఇంకా పెద్ద మద్దెల చేసి ఇచ్చాను.

ఇంజన్ లోపల నేను చూసింది ఇదే: ఏమీ లేదు. లైనర్లలో గీత కూడా పడలేదు, ఇంకో రెండేళ్లు హాయిగా నడిచేది. ఆ రోజే చెప్పాల్సింది. ఎలా చెప్పను? ఆయన మాట కాదన్నట్టు అవుతుంది, మళ్లీ అలక, మళ్లీ నీ ఒట్టు. ఇంకో బండివాడైతే మొహం మీద చెప్పి పంపేవాడిని. బావ కాబట్టి మంచి ఇంజన్‌ను పాడు ఇంజన్ అని ఒప్పుకొని బాగుచేశాను. ఇలాంటి మర్యాద మన ఇళ్లల్లోనే ఉంటుంది.

దిగాక ఆయన నాతో అన్నది ఒక్కటే మాట. "యాదికి జెప్పకు, బామ్మర్ది. పరేషాన్ అయితది." నేను చెప్పనని తల ఊపాను. రాయనని ఊపలేదు.

జనార్ధన్

*

అలియాబాద్
బోనాలకు ముందు

తమ్మీ,

ఉత్తరం చదివి పొయ్యి మీద పాలు మరిచిపోయాను. పొంగి పొయ్యి ఆరిపోయాక తెలిసింది.

నేను ఆయనను ఎమ్మెల్యే అన్నాను. సభకు నమస్కారం అన్నాను. ఆయన కింద కూర్చోలేక కుర్చీ అడిగితే రోజూ పూటపూటకూ నవ్వాను, దుర్గాబాయిని పిలిచి చూపించాను. నాకు ఏడుపొచ్చింది, ఆయన మీద కోపం కూడా వచ్చింది. పక్కన పడుకునే మనిషికి మోకాలు నొస్తోందని చెప్పడానికి నోరు రాలేదు గానీ, ఇంజన్ నొస్తోందని ఊరంతా చెప్పుకున్నాడు. మొగవాళ్లకు నొప్పి బండికి వస్తే పరువు, ఒంటికి వస్తే పరువు తక్కువ.

నేను నీ దగ్గర దాచినది కూడా ఒకటుంది. ప్రతాప్‌రెడ్డి కౌకూర్ దగ్గర ప్లాట్లు చేస్తున్నాడు. అక్కడ గేటు దగ్గర కుర్చీ వేసి కూర్చోబెడతాను, మల్లన్నను పంపు అని పోయిన నెలే నాకు కబురు చేశాడు. నేను ఆయనకు చెప్పలేదు. టోపీ పెట్టుకొని గేటు తీస్తూ, తనను తిట్టిన డ్రైవర్లకే సలాం కొట్టే బాలమల్లును నేను చూడలేను. ఆయన అంతకంటే చూడలేడు.

దవాఖానకు పోదాం అన్నాను, నాకు తెలిసినట్టు కాకుండా, నా నడుము నొప్పి సాకు పెట్టి. "నువ్వు పో, నాకేమైంది, గుండ్రాయోలె ఉన్న" అన్నాడు.

నువ్వు మిస్త్రీవి కదా. పెడల్ అంత దూరం తొక్కకుండానే బండి మొత్తం లాగేలా ఏమైనా చెయ్యలేవా? బోనాల వరకు. ఆ ఒక్క ఎత్తు అందరి ముందు ఎక్కితే చాలు. తరువాత ఆయన కాళ్లు నేను చూసుకుంటాను, పట్టుకునైనా సరే.

ఆయనకు మాత్రం తెలియకూడదు.

యాదవ్వ

*

మేడ్చల్
మూడు రోజుల తరువాత

అక్కా,

నువ్వడిగింది చేశాను. యాక్సిలరేటర్ నుంచి పంపుకు వెళ్లే రాడ్డును ఇంకో రంధ్రంలోకి మార్చాను. ఇప్పుడు పెడల్ సగం తొక్కితే పంపు పూర్తిగా తెరుచుకుంటుంది. అలా మారిస్తే పెడల్ గట్టిబడుతుంది, అందుకని వెనక్కి లాగే స్ప్రింగు తీసి మెత్తటిది వేశాను. ఆయన కాలు బరువుకే దిగుతుంది. "సర్వీసింగ్ చేసిన" అని చెప్పాను, నమ్మాడు.

నాకైతే మనసొప్పడం లేదు. సగానికి సగం బలం ఉన్న కాలుకు నూట డెబ్బై గుర్రాలు కట్టాను. నువ్వడిగావని చేశాను గానీ, నెమ్మదిగా పొమ్మని నువ్వైనా చెప్పు. నేను చెబితే అలుగుతాడు.

జనార్ధన్

*

అలియాబాద్
బోనాల సోమవారం

తమ్మీ,

ఎవరికీ ఏమీ కాలేదు. ముందు ఇది చదువు, తరువాత మిగతాది.

ఈ రోజు పొద్దున్నే ఆయన నన్ను బండిలో ఎక్కించుకున్నాడు. "దా యాదీ, నీ తమ్ముని పని సూపిస్త" అన్నాడు. పెళ్లయిన కొత్తలో ఎక్కానేమో ఆ కాబిన్, మళ్లీ ఇప్పుడు. నాకు కొత్త చీర కట్టుకోవాలనిపించింది, కట్టుకున్నాను కూడా, క్వారీకి.

లోడు నిండింది. ఎత్తు మొదలైంది. బండి ఎక్కింది తమ్మీ. ఎలా ఎక్కిందో చెబితే నీకు దిష్టి తగులుతుంది. సగం దారి దాటినప్పుడు ఆయన నా వైపు చూసి నవ్వాడు. పక్కన ఆగిన బండ్లవాళ్లు చేతులు ఊపారు. పైన కాంటా దగ్గర ప్రతాప్‌రెడ్డి నిలబడి ఉన్నాడు, నేను కొంగు సర్దుకున్నాను.

పైకి వచ్చాం. అక్కడ నెమ్మదించాలి. బండి నెమ్మదించలేదు. ఆయన మొహం చూశాను, రంగు లేదు. కాలు పట్టేసింది. ఎత్తుదామంటే ఎత్తలేడు, నువ్వు వేసిన మెత్తటి స్ప్రింగు ఆ కాలును పైకి నెట్టదు. నిండు లోడుతో బండి కాంటా వైపు పోతోంది. కాంటా ముందర మనుషులు. ఆయన రెండు చేతులతో స్టీరింగ్ మొత్తం తిప్పాడు. పక్కనున్న రాతిపొడి కుప్పలోకి అద్దాల దాకా దిగిపోయాం. ఇంజన్ ఆగింది. కాబిన్ నిండా పొడి, ఇద్దరం ముగ్గు పిండిలో దొర్లినట్టున్నాం. మనుషుల వైపు గానీ, గుంత వైపు గానీ పోనివ్వకుండా ఆ ఒక్క కుప్పలోకే తిప్పాడు. అది మాత్రం నువ్వు గుర్తుంచుకోవాలి.

నేను కిందికి వంగి ఆయన కాలును రెండు చేతులతో పట్టుకొని పెడల్ మీద నుంచి ఎత్తాను. అప్పుడు అన్నాడు. "యాదీ, నాకు భయమైంది. గీ కాలు నాది కాదు. ఎన్ని దినాల సంది నా మాట ఇంటలేదు." ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. బయట అందరూ అద్దాలు కొడుతున్నారు, మేము తలుపు తీయలేదు.

అక్కడే చెప్పేశాను, నాకు తెలుసని, నువ్వు రాశావని, పెడల్ మార్చమని అడిగింది నేనేనని. తిడతాడనుకున్నాను. నా కొంగుతో మొహం మీద పొడి తుడుచుకొని, "మీ ఇద్దరు నాకు మస్తు మర్యాద జేసిండ్రు. గా మర్యాదకు పదిమంది సచ్చేటోళ్లు" అన్నాడు.

ప్రతాప్‌రెడ్డి దగ్గరకొచ్చి గేటు ఉద్యోగం సంగతి తీశాడు. మీ బావ చెప్పింది రాస్తున్నాను: "బండి ఎక్కింది గద. మా బండి రేపు గూడ వస్తది. నడిపేటోడు వేరే ఉంటడు." అని బండి తాళం తీసి నా చేతిలో పెట్టి, అందరి ముందర నా భుజం పట్టుకొని కుంటుతూ నడిచాడు. ఇన్నాళ్లూ దాచిన కుంటుడు. దాని వైపు చూసి ఎవరూ నవ్వలేదు.

డ్రైవర్‌ను చూడు.

యాదవ్వ

*

మేడ్చల్
ఆ వారమే

అక్కా,

నీ ఉత్తరం చదివి ఆ రోజు షెడ్డు మూసేశాను. శోభారాణి నన్ను తిట్టినంత తిట్టింది, నీ వాటా కూడా కలిపి. మంచి ఇంజన్‌ను బావ మొహం చూసి విప్పాను, నీ మొహం చూసి పెడల్ మార్చాను. ఇక ఎవరి మొహం చూసినా ముందు బండి నడిపి చూస్తాను.

రాడ్డు మళ్లీ పాత రంధ్రంలోకి మారుస్తాను, గట్టి స్ప్రింగు వేస్తాను. పంపు కూడా దించి పాత లెక్కకు తెస్తాను, ఆ గుర్రాలు మనకు అచ్చిరాలేదు. డ్రైవర్ దొరికాడు, అన్వేష్ అని కుర్రవాడు, తాగడు. బావ ఏమంటున్నాడో రాయి. నేను వస్తే మొహం చూస్తాడా?

జనార్ధన్

*

అలియాబాద్
శ్రావణం

బామ్మర్ది జనార్ధన్‌కు బాలమల్లు రాసేది.

మీ అక్కకు వచ్చినట్టు సారు నేర్పిన రాత నాకు రాదు. మాట్లాడినట్టే రాస్తున్న, సదువుకో. ఫోన్‌ల జెప్తే ఆమె ఇంటది.

రాడ్డు మార్చు, స్ప్రింగు మార్చు. పంపు మాత్రం ముట్టకు. బండికి నువ్వు జేసిన పని మంచిగున్నది. బండి తప్పు ఏం లేదు, మొదలు గూడ లేకుండె. నాకు తెలుసు. నీకు బండి ఇచ్చిన నాడే తెలుసు. నువ్వు తాళం అడిగినప్పుడు ఇస్తే అయిపోతుండె.

దవాఖానకు పోయినం. మోకాలు గిరక అరిగిందట, మార్చాలన్నరు. దసరా అయినంక అన్న. మీ అక్క రాఖీ అయినంక అన్నది. రాఖీ అయినంకనే.

అన్వేష్ నడుపుతుండు. పోరడు మంచోడే, క్లచ్ మీద కాలు పెట్టి కూసుంటడు, గది ఒక్కటి చెప్తే ఇంటలేడు. నేను ఎడమ దిక్కు కూసుంటున్న. మొదటి దినం కాంటా కాడ నేను ఎడమ తలుపు నుంచి దిగితే ఒకడు, "ఏంది మల్లన్నా, క్లీనర్ అయినవా" అన్నడు. అవ్ అన్న. గంతే. టైర్లు సూసుకుంట అటు పోయిన.

ఎత్తు ఎక్కంగ నా కాలు నేలను తొక్కుతనే ఉంటది. ఆఖరు దాక పోతది, నొప్పి గూడ రాదు. పోరడు సూసి అటు తిరిగి నవ్వుతడు. నవ్వనియ్.

ఒక్క పని జేసిపెట్టు. గీ పోరడు హారన్ కొట్టడు, సిగ్గట. మలుపు కాడ ఎదురుంగ బండి వస్తే ఎట్ల? నేను అటు వంగి కొడుదామంటే వానికి స్టీరింగ్ అడ్డమైతాంది. నా దిక్కు ఒక హారన్ బటన్ పెట్టు. బండి ఎవడు నడిపినా, వస్తున్నది బాలమల్లు బండి అని క్వారీల అందరికి తెల్వాలె.

వైరు డ్యాష్‌బోర్డు కింది నుంచి గుంజు, మీ అక్కకు కనవడద్దు. హారన్ జర గట్టిగ మోగేది పెట్టు.

బాలమల్లు